బగ్గును నివేదించు విద్య

2018 ఫిబ్రవరి మాసమున, ఒక తెలుగు అక్షరము సందేశములో వచ్చి చేరినంతనే ఐఫోనులు స్తంభించిపోవుచున్నవను వార్త దేశదేశముల వ్యాపించెను. ఆ అక్షరము ‘జ్ఞా’. పత్రికలు దానినే నిందించినవి. ఐనను ఆ దినములలోనే మనవారు ‘విజ్ఞానము’ అనియు ‘ప్రజ్ఞావంతుడు’ అనియు అవే ఫోనులలో నిరాటంకముగా వ్రాసికొనుచుండిరి. ఫోనులను స్తంభింపజేసిన ఆ అక్షరవరుసను యూనికోడు సంకేతములుగా విడదీసి చూచినవారికి, జకారము, పొల్లు, ఞకారము, దీర్ఘము అను నాలుగింటితోపాటు, ఞకారమునకును దీర్ఘమునకును నడుమ జీరో విడ్త్ నాన్ జాయినర్ అను అదృశ్య చిహ్నమొకటి గోచరించెను. మొజిల్లాలో పనిచేయు ఇంజనీరొకడు అంతటితో తృప్తినొందక, హల్లులను మార్చి, లిపులను మార్చి పరీక్షించి, ఇట్టి కూర్పులే దేవనాగరిలోను వంగలిపిలోను సైతము అదే ఉపద్రవమును తెచ్చునని చూపెను. ఫిబ్రవరి 19న ఆపిల్ సంస్థ ఐఓఎస్ 11.2.6తో ఆ దోషమును సవరించినది.

తెలుగక్షరము ఫోనును చెరచుచున్నదనుట వార్త. ఐఓఎస్ 11.2.5లో ఈ ఐదు సంకేతములు ఈ క్రమమున వచ్చినచో అప్లికేషను కూలుననుట నివేదిక. మన ముఖమెరుగని ప్రోగ్రామరు, ఎచ్చటనో తన బల్లయెదుట కూర్చుండి, మనము చూచిన దోషమునే తన కన్నులతో చూడగలుగవలెను. బగ్ రిపోర్టునకు ఇంతకు మించిన పరమార్థము లేదని నా దృఢవిశ్వాసము. వెర్షను సంఖ్య, చేసిన పనుల క్రమము, ఆశించిన ఫలితము, వచ్చిన ఫలితము, తెరపై కనబడిన ఎర్రర్ సందేశము పొల్లుపోకుండ: ఇవన్నియు ఆ దర్శనమునకు సాధనములు. మన ఊహను కూడ వ్రాయవచ్చును గాని, కన్నదానితో దానిని కలిపివేయరాదు.

ఈ విద్యకు నేను శిరసువంచి నమస్కరించు ఉదాహరణము, సాఫ్ట్‌వేరును గాక చిప్పునే పట్టియిచ్చినది, వర్జీనియాలోని లించ్‌బర్గ్ కళాశాల గణితాచార్యుడు థామస్ నైస్లీది. కవల ప్రధానసంఖ్యల విలోమములను కూడుచుండగా 1994 జూనులో ఆయన లెక్కలు పొసగలేదు. ఆయన తత్క్షణమే ఇంటెల్‌ను నిందింపలేదు. తన ప్రోగ్రామును, కంపైలరును, మదర్‌బోర్డును ఒక్కొక్కటిగా శంకించి, పరీక్షించి, తొలగించుకొనుచు, పెంటియం చిప్పులోని భాగహార విభాగమే దోషియని నిశ్చయించుకొనిన పిమ్మట, అక్టోబరు 24న ఆ సంస్థకు తెలిపెను. 30న ఇతరులకును లేఖ వ్రాసెను. ఆ లేఖలోని పరీక్ష ఎంత సులభమో చూడుడు: 824633702441 అను సంఖ్యను దాని విలోమముతో గుణించినచో 1 రావలెను, ఆ చిప్పుపై 0.999999996274709702 వచ్చును. విండోస్ కాలిక్యులేటరు చాలును. నెలల పరిశోధన ఒక్క గుణకారముగా సంక్షేపమొందెను! డిసెంబరు 20న ఇంటెల్, కోరినవారికెల్ల చిప్పు మార్చి యిత్తుమని ప్రకటించినది.

నేటివారికి ఉపకరణములు మరింత సమృద్ధిగా నున్నవి. నిన్న పనిచేసినది నేడు చెడినచో, గిట్ బైసెక్ట్ అను ఆజ్ఞ నడుమనున్న కోడు మార్పులను సగము సగముగా ఖండించుచు పోయి, వేయి మార్పులలో దోషకారియైన దానిని పది పరీక్షలలో పట్టియిచ్చును. వ్రాయుటకు ముందు పాత ఇష్యూలను వెదకుటయు, ‘పనిచేయుట లేదు’ అను శీర్షికకు మారుగా ఏది ఎప్పుడు చెడుచున్నదో శీర్షికలోనే చెప్పుటయు ఏ ఉపకరణముతోను అవసరము లేని మర్యాదలు. సవరణ వెలువడిన పిదప క్రొత్త వెర్షనుపై తన మెట్లనే మరల నడచి, బాగైనదనియో ఇంకను కాలేదనియో వ్రాసినపుడే నివేదకుని పని ముగియును.