నేర్పేవాడే మేస్త్రి

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల్లో మేస్త్రి లేని ఊరు ఉండదు. గోడ కట్టేవాడు మేస్త్రి. కూలోళ్లను కూడగట్టి ముంబైకో, పుణెకో తోలుకుపోయేవాడూ మేస్త్రే. మొదటాయన తాపీ మేస్త్రి, మన దిక్కు సుతారి అని కూడా అంటాం. రెండో ఆయన గుంపు మేస్త్రి. మాటల పుట్టుక వెతకడం నాకు ఎప్పటినుంచో ఉన్న అలవాటు. ఆ అలవాటులో నన్ను అన్నిటికన్నా దూరం నడిపించింది, అన్నిటికన్నా బాధపెట్టింది ఈ మాటే.

దీని మూలం లాటిన్‌లో ఉంది. 'మగిస్' అంటే ఎక్కువ. దాన్నుంచి వచ్చిన 'మగిస్తెర్' అంటే పైవాడు, పెద్ద. రోమన్ల కాలంలో బడిపంతులు మగిస్తెర్, ఓడ నడిపే పెద్ద మగిస్తెర్, గుర్రపు దళానికి అధిపతీ మగిస్తెరే. దీనికి ఎదురుమాట 'మినిస్తెర్'. 'మినుస్' అంటే తక్కువ కాబట్టి ఆ మాటకు సేవకుడని అర్థం. ఇప్పటి మినిస్టర్ అందులోంచే వచ్చింది.

యూరప్‌లో ఈ ఒక్క మాట ఇంటికో తీరుగా ఎదిగింది. ఇటలీలో మాస్ట్రో అయి సంగీతం వైపు నడిచింది. మనం ఇళయరాజాను గౌరవంగా పిలుచుకునే మాట అదే. స్పెయిన్‌లో బడిపంతులు అయింది. ఫ్రాన్స్‌లో వకీలును పిలిచే 'మేత్ర్' అయింది. ఇంగ్లిష్‌లో మాస్టర్, మిస్టర్, మేజిస్ట్రేట్ అన్నీ ఈ వంశానివే. జర్మనీలో 'మైస్టర్' అయి చేతిపనుల్లో అతి పెద్ద అర్హతగా నిలిచింది. అక్కడ తాపీ పనిలో సొంత సంస్థ నడపాలంటే మైస్టర్ పరీక్ష నెగ్గి ఉండాలన్నది సాధారణ నియమం. అందులో పనితనం, పని శాస్త్రం, వ్యాపార నిర్వహణతో పాటు కొత్తవాళ్లకు పని నేర్పే విద్యను కూడా పరీక్షిస్తారు. నేర్పడం రానివాడికి ఆ పేరు దక్కదు.

పోర్చుగీసు వాళ్ల నోట అది 'మెస్త్రె' అయింది. 1498లో వాళ్లు కాలికట్ చేరారు, 1510లో గోవా పట్టుకున్నారు. వాళ్ల భాష నుంచి అలమార, ఇస్త్రీ, సబ్బు మనకు వచ్చినట్టే మెస్త్రె కూడా వచ్చి మేస్త్రి అయింది. బ్రెజిల్‌లో ఇల్లు కట్టే చోట పని చేయించే పెద్దను ఈనాటికీ 'మెస్త్రె' అనే అంటారు.

ఆ మాట రాకముందు కూడా మనకు ఆ మనిషి ఉన్నాడు. ఉపాధ్యాయుడనే మాట ప్రాకృతం మీదుగా మనకు 'ఒజ్జ' అయింది. విశ్వకర్మల పేర్ల చివర వినిపించే 'ఓజు' దాని రూపమే. బడిలో చెప్పేవాడికీ, ఉలి పట్టి చెక్కేవాడికీ మనవాళ్లు ఒకే గౌరవం ఇచ్చారన్నమాట. గద్వాల జిల్లా అలంపురంలో 7, 8 శతాబ్దాల నాటి నవబ్రహ్మ ఆలయాలు చూడండి. ఒకరు నేర్పి, ఒకరు నేర్చుకోకుండా ఆ శిఖరాలు లేవలేదు.

వనపర్తిలో ఒక ఇంటి పని దగ్గర నిలబడి ఆ నేర్పడం చూశాను. మేస్త్రి ఒక పిలగాడి చేతికి తూకం గుండు ఇచ్చాడు. దారానికి పైన చిన్న కట్టెముక్క ఉంటుంది. దాన్ని గోడ పైఅంచుకు ఆనించి గుండును కిందికి వదలాలి. కట్టె వెడల్పు, గుండు వెడల్పు సమానం కాబట్టి, గోడ నిలువుగా ఉంటే గుండు గోడను ఇట్లా తాకీ తాకకుండా నిలుస్తుంది. సందు కనబడితే గోడ పైన ముందుకు వాలినట్టు. పిలగాడు తొందరపడి "సరిగనే ఉంది" అన్నాడు. "గుండు ఊగుడు ఆగినంక జూడు కొడుకా. గోడ అబద్ధమాడతది గని గుండు ఆడదు" అన్నాడు మేస్త్రి. పిలగాడు మళ్లీ చూశాడు. సందు ఉంది. మీది రెండు వరసలు తీసి మళ్లీ కట్టారు. మగిస్తెర్ అనే మాటకు నేను చూసిన అతి మంచి అర్థం అది.

గుంపు మేస్త్రి దగ్గర ఈ మాట దారి తప్పింది. నాగార్జునసాగర్‌కు 1955లో పునాదిరాయి పడింది. అలాంటి భారీ కట్టడాల్లో మట్టి మోసి, రాయి ఎత్తిన పాలమూరు లేబర్‌ను దేశమంతా ఎరుగును. వాళ్లను తోలుకుపోయిన మేస్త్రి ముందే అడ్వాన్సు ఇచ్చేవాడు. ఆ అప్పు తీరేదాకా ఆలుమగలు ఇద్దరూ అతను చెప్పిన చోట, చెప్పినంత సేపు పనిచేయాలి. లెక్క అతని దగ్గరే ఉండేది. రంగూన్‌కు వలసపోయిన కోస్తా తెలుగు కూలీలు కూడా మేస్త్రుల చేతి కిందే నలిగారు. వెట్టిని రద్దు చేస్తూ 1976లో, రాష్ట్రం దాటి పోయే కూలీల కోసం 1979లో చట్టాలు వచ్చాయి. అయినా ఎక్కువ తెలిసినవాడు తనకు తెలిసింది దాచుకుంటే కింద ఉన్నవాడికి చట్టం చేరదు.

అందుకే మేస్త్రులకు ఈ మాట. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టంతో వచ్చిన నియమం ప్రకారం 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, గడిచిన 12 నెలల్లో 90 రోజులు పనిచేసిన ప్రతి కార్మికుడూ సంక్షేమ బోర్డులో పేరు రాయించుకోవచ్చు. తట్ట మోసే ఆడబిడ్డలకూ ఆ హక్కు ఉంది. మీ గుంపులో ప్రతి ఒక్కరికీ ఇది చెప్పండి, దగ్గరుండి పేరు రాయించండి. కూలి లెక్క వాళ్ల చేతికే రాసివ్వండి. తట్ట మోసే అమ్మాయి చేతికి ఒకసారి తాపీ ఇచ్చి చూడండి. నేర్పితేనే మీరు మేస్త్రి.