గుమ్మం దగ్గరే మొదలయ్యే సంగీతం

వారాంతాల్లో పార్టీలకు పాటలు పెట్టడం నా పని. ఏ పాట తర్వాత ఏది వేయాలి, బీటు ఎక్కడ పెంచాలి, గోడకు ఆనుకుని నిలబడ్డ మనిషి ఎప్పుడు అడుగు కలుపుతాడు, ఇదే మా ధ్యాసంతా. ఈ విద్య ఎక్కడ పదునెక్కిందా అని వెతుక్కుంటూ పోతే షికాగోలోని ఓ పాత ఫ్యాక్టరీ భవనం దగ్గర ఆగాల్సి వచ్చింది.

సౌత్ జెఫర్సన్ వీధిలో 206వ నంబరు, మూడంతస్తుల భవనం. 1977లో రాబర్ట్ విలియమ్స్ అక్కడ ‘వేర్‌హౌస్’ క్లబ్బు తెరిచాడు. వచ్చేవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో గే యువకులు. గే బార్లలో సైతం నల్లవాళ్లను ఐడీ కార్డుల వంకతో గుమ్మం దగ్గరే ఆపేస్తున్న రోజులవి. వేర్‌హౌస్‌లో ఆ ఆరాలు లేవు, ఆర్భాటమూ లేదు. మందు అమ్మరు, టికెట్టు చవక. శనివారం రాత్రి మొదలైన ఆట ఆదివారం పొద్దెక్కినా ఆగేది కాదు.

పాటలు పెట్టడానికి విలియమ్స్ న్యూయార్క్ నుంచి మొదట ల్యారీ లెవన్‌ను పిలిచాడు. ఆయన రాననడంతో ఆ చోటు ఫ్రాంకీ నకల్స్‌కు దక్కింది. 1979 జులై 12న షికాగోలోనే ఉన్న కోమిస్కీ పార్క్ బేస్‌బాల్ మైదానంలో, జనం కేరింతల మధ్య డిస్కో రికార్డులను కుప్పపోసి పేల్చేశారు. డిస్కో పని అయిపోయిందన్నారు. నకల్స్ మాత్రం పాత పాటలను టేపు మీదికి ఎక్కించి, బ్లేడుతో కోసి, ముక్కలను మళ్లీ అతికించేవాడు. జనానికి నచ్చిన డ్రమ్ముల భాగం రికార్డులో కాసేపే ఉంటే, ఆయన చేతిలో అది నిమిషాల తరబడి సాగేది. ఒక్కోసారి దీపాలన్నీ ఆర్పేసి రైలు దూసుకొస్తున్న చప్పుడు వినిపించేవాడు. ప్రపంచమంతా చుట్టేసిన హౌస్ సంగీతానికి పేరు ఆ క్లబ్బు నుంచే వచ్చింది.

ఇంత సాహసం చేయడానికి ఆయనకు ధైర్యం ఎక్కడిది? చవక టికెట్టే ఇచ్చిందని నా నమ్మకం. చిన్న ఉద్యోగం చేసుకునే కుర్రాడు కూడా ప్రతివారం రాగలిగితే డీజేకి తన జనం తెలుస్తారు. పోయిన వారం మొహం ముడుచుకున్న పాటకే ఈ వారం వాళ్లు చేతులెత్తుతారు. పెద్ద మొత్తం పెట్టి ఎప్పుడో ఒకసారి వచ్చేవాడు తెలిసిన పాటలే అడుగుతాడు. డబ్బుకు తగ్గ వినోదం కావాలనుకోవడం అతని తప్పు కాదు. 1982 చివర్లో వేర్‌హౌస్ ప్రవేశ రుసుమును రెట్టింపు చేశారు. నకల్స్ బయటికొచ్చి ‘పవర్ ప్లాంట్’ పెట్టుకున్నాడు. జనమూ ఆయన వెంటే నడిచారు.

మన హైదరాబాద్ పబ్బుల గుమ్మాల దగ్గర నిలబడ్డప్పుడు నాకు ఇదే గుర్తొస్తుంది. చాలాచోట్ల కవర్ చార్జీ, ‘స్టాగ్ ఎంట్రీ లేదు, కపుల్స్ ఓన్లీ’ అనే నిబంధన. ఇద్దరు మగవాళ్లు జంటగా వస్తే ఆ నిబంధన వాళ్లను జంటగా లెక్కేయదు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377వ సెక్షన్ కింద వాళ్ల ప్రేమ నేరం కాదని చెప్పింది. తీర్పు నేరం ముద్రను చెరిపింది కానీ, శనివారం రాత్రి భయం లేకుండా ఆడుకోవడానికి ఓ చోటు చూపించడం మనుషుల చేతుల్లోనే ఉంది.

2023లో షికాగో నగరం వేర్‌హౌస్ భవనాన్ని చారిత్రక కట్టడంగా ప్రకటించింది. గొప్ప గౌరవమే. మన దగ్గర అలాంటి చోటు పెట్టాలనుకునే వాళ్లకు నేను చెప్పేది ఒకటే. స్పీకర్లు, లైట్ల సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు టికెట్టు ధర తేల్చండి. నెల జీతం పదిహేను వేలున్న కుర్రాడు తన స్నేహితుడితో కలిసి ప్రతివారం రాగలిగేలా పెట్టండి. గుమ్మం దగ్గర నిలబడే మనిషికి మర్యాదగా లోపలికి పిలవడం నేర్పండి. వాళ్ల కోసం కొత్త పాట కట్టే డీజేలు మాలోంచి తప్పకుండా వస్తారు.