చూసేవాడికి అన్నీ తెలుసు

2003 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ చివరి టేబుల్‌ను హైటెక్ సిటీ హాస్టల్ గదుల్లో ఇప్పటికీ చూసేవాళ్ళున్నారు. మనీమేకర్ అనే అకౌంటెంటు, చేతిలో జత కూడా లేకుండానే శామ్ ఫార్హాను బెదరగొట్టాడు. ఫార్హా తొమ్మిదుల జత పారేశాడు. కెమెరా మనకి ఇద్దరి ముక్కలూ ముందే చూపిస్తుంది కనక ఫార్హా వెర్రివాడిలా కనిపిస్తాడు. అన్యాయమండీ! గంటల తరబడి ముక్కలు పారేసి కూచున్న ఆటంతా ఎడిటింగులో పోయింది. 'కన్యాశుల్కం' పేకాటలో గురజాడ ఆ తగువూ సణుగుడూ కత్తిరించలేదు. పోలిశెట్టి మనకి అక్కడే దొరికిపోతాడు. తెలంగాణలో పందెం కాసే ఆన్‌లైన్ ఆటలు 2017 నుంచి నిషేధం. అయినా ఈ వీడియో ఇచ్చిన ధైర్యంతో జీతం డబ్బులు పెట్టేవాడికి, ఎదుటివాడి ముక్కలు ఏ కెమెరా చూపిస్తుంది?