సంతకం వెంట నడిచేవారు

1727 నుంచి ఫిలడెల్ఫియా రేవులో దిగిన జర్మన్ వలసదారుల్లో వయసొచ్చిన మగవాళ్లు బ్రిటిష్ రాజుకు విధేయులమని ప్రమాణం చేసి సంతకం పెట్టేవారు. వారి జాడ వెతికే వంశచరిత్ర పరిశోధకులకు ఆ కాగితాలే తొలిమెట్టు. ఆ పరిశోధకుల ఓపికకు చేతులెత్తి మొక్కాలి.

ఎందుకంటే పేర్లు నిలకడగా ఉండవు. రాత రానివాడు గీత గీస్తే, గుమాస్తా తన చెవికి వినిపించినట్టు పేరు రాసేవాడు. ముల్లర్లు మిల్లర్లయ్యారు. వడ్రంగి అని అర్థమున్న త్సిమ్మర్‌మన్ ఇంటిపేరు కొన్ని ఇళ్లలో కార్పెంటర్ అయింది. చాలాసార్లు ఒకే ఇంట్లో అన్నదమ్ములందరికీ పేరు ముందు యోహాన్ ఉండేది. పిలిచే పేరు రెండోది.

అసలు పనితనం ఇక్కడే. చర్చి రిజిస్టరులో బిడ్డ బాప్తిస్మం కనబడగానే పరిశోధకురాలు ఆగిపోదు. పక్కన సాక్షులుగా నిలిచిందెవరో చూస్తుంది. వాళ్లు తరచూ చుట్టాలో, పాత ఊరివాళ్లో అయి ఉంటారు. ఆ దారం పట్టుకుని వీలునామాలు, భూమి పత్రాలు గాలిస్తూ రైన్ నది ఒడ్డు పల్లెల దాకా వెళ్తుంది. పేరు కలిసినంత మాత్రాన మనిషి దొరికినట్టు కాదని ఆమెకు తెలుసు.

ఓడ ఛార్జీ తీర్చడానికి ఏళ్ల తరబడి చాకిరీ చేసిన వలసదారుడికి, ఇన్నాళ్లకు, తన పేరు తిరిగి దక్కుతుంది. అంతకన్నా గొప్ప సేవ ఏముంది?