ఆ పాటలో ‘మేము’ ఎవరు?

1987లో ఆస్ట్రేలియాలో మిడ్‌నైట్ ఆయిల్ అనే రాక్ బ్యాండ్ ‘డీజిల్ అండ్ డస్ట్’ ఆల్బమ్ తెచ్చింది. బ్యాండ్‌లో అందరూ తెల్లవాళ్లే. ఆల్బమ్‌లో ముఖ్యమైన పాటలు మాత్రం అక్కడి ఆదివాసుల నేల గురించినవి. ఆ దేశంలో అది మొదటి స్థానానికి చేరింది. అందులోని ‘బెడ్స్ ఆర్ బర్నింగ్’ ప్రపంచమంతా మోగింది. ఆ ఆల్బమ్ మంచిదా కాదా అని విన్నవాళ్ల మధ్య వాదన మాత్రం తెగలేదు. ఆ వాదన మనకూ సంబంధించిందే.

ముందు వెనకటి కథ. పింటుపి ప్రజలను 1950, 60 దశకాల్లో ఎడారిలోని తమ నేల నుంచి పాపున్యా వంటి ప్రభుత్వ స్థావరాలకు తరలించారు. 1980ల మొదట్లో వాళ్లు కింటోర్ ప్రాంతానికి తిరిగి వెళ్లిపోయారు. 1986లో మిడ్‌నైట్ ఆయిల్, పాపున్యాలో పుట్టిన వారంపి బ్యాండ్‌తో కలిసి ఆ ఎడారి ఊళ్లు తిరిగింది. ఆల్బమ్‌కు ఊపిరి ఆ ప్రయాణమే.

విన్నవాళ్లలో కొందరు, ఎవరూ పట్టించుకోని భూమి సంగతిని ఈ ఆల్బమ్ ఇంటింటి రేడియోలోకి తెచ్చిందని మెచ్చుకుంటారు. 1988లో తెల్లవాళ్ల రాకకు రెండు వందల ఏళ్లు నిండాయని ఆ దేశం పండగ చేసుకుంది. దానికి ముందే ఈ పాటలు రావడం చిన్న విషయం కాదంటారు. ఇంకొందరు, ఇతరుల దుఃఖంతో పేరూ డబ్బూ సంపాదించుకున్నారని, పాట పేరుతో నీతిబోధ చేశారని విసుక్కుంటారు. మూడో రకం వాళ్లకు డ్రమ్స్ దెబ్బ, గిటార్ ఊపు చాలు. పింటుపి అనే మాట ఎప్పుడూ వినకుండానే ఆ పాటకు చిందేసినవాళ్లు లెక్కలేనంత మంది.

ఈ అభిప్రాయాలను తూచడానికి మన భాషే మనకు ఒక కొలత ఇస్తుంది. తెలుగులో ‘మేము’ వేరు, ‘మనం’ వేరు. ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట. కాబట్టి పాటలో ఆ మాట వచ్చినప్పుడల్లా అది ఎవరిదని అడగాలి.

‘బెడ్స్ ఆర్ బర్నింగ్’లో గాయకుడు పీటర్ గారెట్ తన వాళ్లతోనే మాట్లాడతాడు. ఈ నేల వాళ్లది, తిరిగి ఇచ్చేద్దాం అన్నది సారం. అది తెల్లవాళ్లు తెల్లవాళ్లతో అనుకునే ‘మనం’. బాకీ ఉన్నవాడు బాకీ ఒప్పుకుంటున్నాడు. ఇందులో ఆదివాసి గొంతు లాక్కోవడం లేదు. ‘ది డెడ్ హార్ట్’ అలా కాదు. 1985లో ఉలూరు కొండను దాని హక్కుదారులకు తిరిగి అప్పగించారు. ఆ సందర్భంలో తీసిన చిత్రం కోసం కట్టిన పాట ఇది. ఇందులో తెల్ల గాయకుడు ఆదివాసిగా మారి ‘మేము’ అంటాడు. బాణీ ఎంత బాగున్నా మాకు ఇక్కడ ముల్లు గుచ్చుకుంటుంది. ఒకే ఆల్బమ్‌లో ఒక పాట అప్పు ఒప్పుకుంటే, ఇంకోటి గొంతు అరువు తెచ్చుకుంది. మెచ్చుకునేవాళ్లూ విసుక్కునేవాళ్లూ చెరో పాటను పట్టుకుని మొత్తం ఆల్బమ్‌కు తీర్పు చెబుతున్నారని మా అభిప్రాయం.

మేము ఇంకో మాట కూడా అంటాం. వారంపి బ్యాండ్ 1983లోనే లురిట్జా భాషలో ‘జైలాంగురు పకర్ను’ పాడింది. ఆదివాసీ భాషలో వచ్చిన తొలి రాక్ పాటగా దానికి పేరుంది. ప్రపంచం దాన్ని అంతగా వినలేదు. 1991లో యోతు యిండి బ్యాండ్ ‘ట్రీటీ’ పాటను ఇంగ్లీషులోనూ తమ యొల్ఙు భాషలోనూ పాడింది. ఆ పాట రాయడంలో గారెట్ కూడా చెయ్యి వేశాడు, ముందు నిలబడి పాడింది మాత్రం మందావుయ్ యునుపింగు. ఆయన తన ఊరి బడికి ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసిన టీచరు. బయటివాడు తోడు రావడమంటే మాకు ఇదే: పాటలో చెయ్యి వేయాలి, మైకు వదిలిపెట్టాలి.

పోలవరం ముంపులో ఊళ్లు పోతున్న కోయల మీద, కొండరెడ్ల మీద మైదానం కవులు కట్టిన పాటలూ ఉన్నాయి. వాటిని తోసేయవద్దు, తలకెత్తుకోవద్దు. టీచర్లు బడిలో ఒక పాట వినిపించినప్పుడు పిల్లలను ఒక ప్రశ్న అడగమని కోరుతున్నాం: ఇందులో ‘మేము’ అంటున్నది ఎవరు? యువతకు పని ఇంకోటి ఉంది. ఆ ప్రశ్నకు ‘మేమే’ అని జవాబు చెప్పగలిగే పాటలు మన భాషల్లో, మన డోలు మీద కట్టాలి.