పక్కవాద్యమూ పాఠమే

సంగీత కళాశాలల్లో సోలోకున్న గౌరవం పక్కవాద్యానికి అంతగా దక్కదు. అది అన్యాయం. గాయకుడు ఆలాపన చేస్తుంటే వయొలిన్ విద్వాంసుడు వెన్నంటే నడుస్తాడు. రాబోయే సంగతి ఏదో తెలియకపోయినా కమాను తడబడకూడదు. కల్పనస్వరాల్లో తన వంతు రాగానే విన్నదాన్ని అప్పజెప్పకుండా జవాబు చెప్పి, సరిగ్గా ఎత్తుగడ దగ్గర పాటను తిరిగి గాయకుడి చేతికివ్వాలి. ఒంటరి కచేరీలో ఈ గండమే లేదు.

ఈ నేర్పు వేదిక మీద అబ్బేదే గాని తరగతిలో వచ్చేది కాదంటారు. కొంత నిజమే. కానీ 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలలో వయొలిన్ నేర్పి, 1936లో ప్రిన్సిపాలైన ద్వారం వెంకటస్వామినాయుడు పక్కవాద్యంలోనూ సోలోలోనూ మెప్పించారు. తరగతికీ వేదికకూ మధ్య గోడ లేదనడానికి ఆయన చాలు. డిగ్రీ పరీక్షలో వయొలిన్ విద్యార్థిని తోటివారి పాట పక్కన కూర్చోబెట్టి కూడా మార్కులు వేయాలి.