‘తారే జమీన్ పర్’: అక్షరములు నిజముగా నాట్యమాడునా?

2007 డిసెంబరులో విడుదలయిన ‘తారే జమీన్ పర్’ అను హిందీ చలనచిత్రమును చాలమంది ఉపాధ్యాయులు చూచియుందురు. అమోల్ గుప్తే రచించి, ఆమిర్ ఖాన్ దర్శకత్వము వహించిన ఈ చిత్రము ద్వారానే డిస్లెక్సియా, అనగా పఠనవైకల్యము, అను మాట అనేక గృహములకు మొదట చేరినది. అది చిన్న సేవ కాదు. కాని ఒక చిత్రమును పాఠ్యపుస్తకమువలె వాడుకొనునప్పుడు దానిని పాఠ్యపుస్తకమువలెనే పరీక్షింపవలెను.

కథలోని ఈశాన్ అవస్థీ మూడవ తరగతి బాలుడు. తెలివి ఉన్నది, చదువు రాదు. సోమరితనమని తలంచి తండ్రి వానిని వసతి పాఠశాలలో చేర్చును. అచటికి వచ్చిన చిత్రలేఖనోపాధ్యాయుడు నికుంభ్ పాఠము మొదలుపెట్టుటకు ముందే బాలుని ఇంటికి పోయి, పాత నోటుపుస్తకములు తిరగవేసి, ఏ తప్పు ఏ పోలికలో మరల మరల వచ్చుచున్నదో చూచును. చిత్రమంతటిలో మిక్కిలి శాస్త్రీయమైన ఘట్టమిదే. తప్పులకు మార్కులు తగ్గించుట ఎవరైనను చేయుదురు. తప్పులలోని క్రమమును కనిపెట్టువారు తక్కువ. ఆ పిమ్మట తెలియని లిపి అచ్చయిన పెట్టెను తండ్రి చేతికిచ్చి చదువుమనును. చదువలేనన్న తండ్రిని మొండితనము చేయుచున్నావని గద్దించును. ఇంతకన్న స్పష్టముగా ఆ బాలుని స్థితిని ఏ ఉపన్యాసమును చెప్పజాలదు.

చిక్కు వచ్చినది మరియొక చోట. పుటపై అక్షరములు నాట్యమాడుచున్నట్లును, బాలుడు వానిని అద్దములోని ప్రతిబింబములవలె వ్రాయుచున్నట్లును చిత్రము చూపును. ఇది 1925లో అమెరికను వైద్యుడు సామ్యూల్ ఆర్టన్ చేసిన ఊహకు సమీపమైనది. మెదడులోని రెండు అర్ధభాగములలో అక్షరపు ఎదురుబొదురు ప్రతిబింబములు నిలిచి పోటీపడునని ఆయన తలంచెను. 1970 దశకములో ఫ్రాంక్ వెల్లుటినో ఈ ఊహను పరీక్షకు పెట్టెను. హీబ్రూ ఎరుగని బాలలకు హీబ్రూ అక్షరములను కొద్దిసేపు చూపి, జ్ఞాపకమునుండి వ్రాయుమనగా, పఠనవైకల్యము గలవారు తక్కినవారితో సమానముగానే వ్రాసిరి. అనగా కన్ను సరిగానే చూచుచున్నది. చూచిన గుర్తునకు ధ్వనిని జతపరచుటలో అడ్డంకి ఉన్నది. నేటి పరిశోధకులలో అధికసంఖ్యాకుల అభిప్రాయమిదే. అక్షరములను తారుమారు చేయుట ఆరేండ్ల పిల్లలలో చాలమందికి సహజము కూడ.

ఈ భేదము పండితుల వాదము మాత్రమే కాదు. చిత్రమును నమ్మిన ఉపాధ్యాయుడు తలక్రిందులయిన అక్షరముల కొరకు వెదకును. ‘పలక’లో ‘ప’ తీసివేసిన ఏమి మిగులునని అడుగగా తెల్లబోవు బాలుని, ‘కి’, ‘కు’లలో సమానమైన ధ్వని ఏదో చెప్పలేక గుణింతములో ఏండ్లతరబడి తడబడు బాలికను గమనింపడు. వారి అక్షరములు ముత్యములవలె ఉండవచ్చును.

ఈశాన్ లెక్కలలోను వెనుకబడినవాడే. మూడును తొమ్మిదితో హెచ్చింపుమనగా వాని ఊహలో మూడవ గ్రహము తొమ్మిదవ గ్రహమైన ప్లూటోను ఢీకొనును, జవాబు మూడగును. (2006లోనే ప్లూటో గ్రహపదవి పోయినది, అది వేరు మాట.) కాని పఠనవైకల్యమున్న ప్రతివారికి లెక్కలు రాకపోవు. 1896లో ఆంగ్ల వైద్యుడు ప్రింగిల్ మోర్గన్ వర్ణించిన పదునాలుగేండ్ల పెర్సీ తన పేరునే తప్పుగా వ్రాసెను గాని, 749ని 867తో తడవుకోకుండ, తప్పులేకుండ హెచ్చించెను.

నికుంభ్ బోధనాపద్ధతి మంచిదే. ఇసుకపై వ్రాయించుట, బంకమట్టితో అక్షరములు చేయించుట, మెట్లపై ఎక్కించి దింపి కూడికలు నేర్పుట, ఇవి ఆర్టన్, అన్నా గిల్లింగ్‌హామ్‌లనాటినుండి వచ్చుచున్న బహుళేంద్రియ బోధనకు చెందినవి. అయితే చిత్రములో ఇదంతయు ఒక్క పాటలో ముగియును. నిజమునకు ఈ సహాయము మిక్కిలి నిదానమైన పని: ఒక్కరినో, నలుగురైదుగురినో కూర్చుండబెట్టి, ధ్వనినుండి అక్షరమునకు, అక్షరమునుండి పదమునకు నడిపించుచు, నేర్చినదానిని వ్రాసి ఉంచుకొనుచు, కొందరికి సంవత్సరములపాటు సాగింపవలెను. చిత్రము దాచినది ఈ శ్రమనే.

నికుంభ్ తరగతిలో చెప్పు మహనీయుల జాబితాలో ఐన్‌స్టీన్ ఉన్నాడు. ఆయనకు పఠనవైకల్యమున్నదనుటకు తగిన ఆధారము లేదు. అంతకన్న ముఖ్యమైన అభ్యంతరము, ఈశాన్ విలువ చిత్రలేఖనపు పోటీలో మొదటి బహుమతితో నిరూపింపబడుట. బొమ్మలు వేయలేని, పాటలు రాని సామాన్య బాలునికి ఈ కథలో చోటేది? చదువు నేర్పించుకొనుటకు వాడు ముందుగా ప్రతిభ చూపవలసిన పని లేదు.

చట్టము ఆ షరతు పెట్టలేదు. 1995 నాటి చట్టములో లేని నిర్దిష్ట అభ్యసన వైకల్యములు 2016 చట్టములో చేరినవి. ప్రాథమిక తరగతులలో ఇట్టి అవసరములు గల పదిమంది బాలలకు ఒక ప్రత్యేకోపాధ్యాయుడు ఉండవలెనని కేంద్రప్రభుత్వము 2022లో నిర్ణయించినది. తెలుగు రాష్ట్రములలో మండలములందు ‘భవిత’ కేంద్రములు కలవు. చిత్రములోని పాఠశాలకు మాత్రము దయగల ఒక్క మనిషి దొరికినాడు; అతడును చిత్రలేఖనము చెప్పుటకు వచ్చినవాడు. చివరి దృశ్యములో సెలవులకు ఇంటికి పోవుచున్న ఈశాన్‌ను నికుంభ్ గాలిలోనికి ఎగురవేయును, బొమ్మ అచటనే నిలిచిపోవును. సెలవుల తరువాత వాని పఠనపాఠమును ఎవరు కొనసాగింతురో చిత్రము చెప్పదు.